పాత ఎఫ్‌ఐ బండి మొరాయిస్తుంటే: ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

పాత ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండిని, అంటే కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే బండిని, షెడ్డుకి తీసుకెళ్లి "మిస్సింగ్ వస్తోంది" అని చెప్పండి. చాలాచోట్ల వినిపించే మొదటి మాట, "సెన్సర్ పోయుంటుంది సార్." ఏ సెన్సర్ అని అడిగితే మాత్రం తిన్నగా చెప్పరు. అదే కార్బ్యురేటర్ బండి అయితే ఆ మెకానిక్కే జెట్ విప్పి ఊది, గాలి స్క్రూ అరచుట్టు తిప్పి పంపించేవాడు. ఎఫ్‌ఐ అనేసరికి చెయ్యి ఆగిపోతుంది, మాట ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) దాకా వెళ్లిపోతుంది.

నా పాత 150 సీసీ బండి విషయంలో నేనూ అలాగే డబ్బులు పోగొట్టుకున్నాను. ఇంజిన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర టప్‌మని ఆగిపోయేది. ఆక్సిజన్ సెన్సర్ మార్పించాను, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ క్లీన్ చేయించాను, ప్లగ్గు రెండుసార్లు మార్చాను. చివరికి దొరికిందేమిటంటే, బ్యాటరీ నెగటివ్ వైరు ఇంజిన్‌కి తగిలించే బోల్టు కింద పచ్చగా పట్టిన చిలుము. ఎమరీ పేపరుతో రెండు నిమిషాలు రుద్దితే పోయింది. పుండు ఒకచోట, మందు ఒకచోట అంటే అదే.

ఇక్కడ పాత బండి అంటే 2020 ఏప్రిల్ 1న బీఎస్‌-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రాకముందు వచ్చిన ఎఫ్‌ఐ బండ్లు. 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్‌ఐతో మన రోడ్ల మీద ఇది మొదలైంది. తర్వాత 2007లో పల్సర్ 220, 2008లో యమహా ఆర్15, 2009లో కరిజ్మా జడ్‌ఎంఆర్, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500, 2011లో హోండా సీబీఆర్ 250ఆర్, 2012లో కేటీఎం డ్యూక్ 200 వచ్చాయి. పల్సర్ 220 అయితే 2009లో మళ్లీ కార్బ్యురేటర్‌కే వెళ్లిపోయి ధర తగ్గించుకుంది. వీటిలో చాలా బండ్లు ఇప్పుడు మూడో చేతిలోనో నాలుగో చేతిలోనో ఉన్నాయి. మధ్యలో ఎవరు ఏ వైరు కోశారో దేవుడికే తెలియాలి.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకుంటే మిగతా పని తేలికవుతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, రేసు ఎంత తిప్పారు, గాలి ఒత్తిడి ఎంత, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్నవి చూసుకుని, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీ సెకన్లు తెరుచుకోవాలో ఈసీయూ లెక్కేస్తుంది. కానీ ఈ బండ్లలో అది రెండు విషయాలను కొలవకుండా గుడ్డిగా నమ్ముతుంది. పంపు నుంచి పెట్రోలు సరైన ఒత్తిడితో వస్తోందని ఒకటి. వస్తున్నది పెట్రోలేనని రెండోది. పంపు నీరసపడినా, ట్యాంకు అడుగున నీళ్లున్నా డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు. లైటు లేదు కాబట్టి ఎఫ్‌ఐ బాగుందనుకోవడమూ తప్పే, లైటు వచ్చింది కాబట్టి ఆ సెన్సరే పోయిందనుకోవడమూ తప్పే.

పనిముట్లు పట్టేముందు కాగితం పట్టండి

ఇబ్బంది ఎప్పుడు వస్తోందో రాయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడా, అరగంట నడిచాకా? ఐడిల్‌లోనా (రేసు ఇవ్వనప్పుడు), పైవేగంలోనా? ట్యాంకులో పెట్రోలు తగ్గినప్పుడా? వాన పడ్డాకా? పెట్రోలు కొట్టించిన వెంటనేనా? ఈ నాలుగు ముక్కలతో సగం దారి తెలుస్తుంది.

ఐడిల్ బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు, 70 దాటాక ఊపిరి ఆడనట్టు లాగుతుంటే అనుమానం పెట్రోలు సరఫరా మీదకి వెళ్లాలి. పైన బాగా పరిగెత్తి, ఐడిల్‌లో ఆగిపోతుంటే థ్రాటిల్ బాడీ (రేసు తిప్పితే గాలికి దారి తెరిచే భాగం), గాలి లీకు, వాల్వ్ క్లియరెన్సు (వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందు). వేడెక్కాక టక్కున ఆగి, ఇరవై నిమిషాలు చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుడు చూసేది) లేదా ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులో నిప్పుకి కరెంటు ఇచ్చేది). స్పీడోమీటరు, లైట్లతో సహా అన్నీ ఒక్క క్షణం ఆరి వెలుగుతుంటే అది కరెంటు గొడవ, ఇంజెక్టర్ జోలికి వెళ్లకండి.

మొదటి అడుగు: బ్యాటరీ, ఎర్త్

నాలుగైదు వందల్లో మామూలు డిజిటల్ మల్టీమీటర్ వస్తుంది. హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, మిగతా ఊళ్లలో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా ఉంటుంది. ఇది లేకుండా ఎఫ్‌ఐ బండి బాగుచేయడమంటే చీకట్లో తడుముకోవడమే.

రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే తాళం తిప్పకముందు బ్యాటరీ కొనల మధ్య కొలవండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే మంచిది. 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టే. మీటరు అలాగే పట్టుకుని సెల్ఫ్ నొక్కండి. 10 వోల్టుల కిందకి పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది, లేదా టెర్మినల్స్ వదులుగా ఉన్నాయి. సెల్ఫ్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందని చాలామంది అంటారు. సెల్ఫ్ మోటారు 9 వోల్టులకి కూడా ఈడుస్తూ తిరుగుతుంది. అదే సమయంలో పంపు నీరసపడుతుంది, ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఈసీయూ ఆగి మళ్లీ మొదలవుతుంది. బ్యాటరీ పూర్తిగా డౌన్ అయిన ఎఫ్‌ఐ బండిని తోసి స్టార్ట్ చేయడం కష్టమయ్యేది కూడా ఇందుకే. పంపు తిరగడానికే కరెంటు ఉండదు.

ఇంజిన్ నడుస్తుండగా నాలుగైదు వేల ఆర్పీఎం దగ్గర మళ్లీ కొలవండి. 13.5 నుంచి 14.8 మధ్య ఉండాలి. 13 దాటడం లేదంటే రెగ్యులేటర్ (ఛార్జింగ్ కరెంటుని అదుపు చేసేది), స్టేటర్ (ఇంజిన్‌లో ఆ కరెంటు పుట్టించే కాయిల్), వాటి మధ్య కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ జాయింటు) చూడాలి. ఆ కప్లర్ కరిగి గోధుమరంగులోకి తిరగడం పాత బండ్లలో మామూలే. 15 దాటిందంటే మాత్రం బండి ఆపేయండి. అలాగే నడిపితే నిజంగానే ఈసీయూ కాలుతుంది, అప్పుడు షెడ్డులో చెప్పిన మాట నిజమవుతుంది.

ఇక నేను ముందే చేయక మునిగిపోయిన పరీక్ష. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర వైరు ఇంజిన్ మీద పెయింటు లేని లోహం మీద పెట్టి సెల్ఫ్ నొక్కండి. 0.2, 0.3 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్‌కీ మధ్య కలయిక, బాగుంది. అర వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, వైరు చివర, ఇంజిన్ మీద తగిలేచోటు రెండూ మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం వాసెలిన్ పూయండి.

తర్వాత ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్ అటూఇటూ చివరిదాకా తిప్పండి. ఆగిపోతే మెడ దగ్గర వైరు లోపల తెగుతోంది. తాళం చెవిని కొంచెం కదిపి చూడండి. పాత బండ్లలో తాళం లోపలి కాంటాక్టులు అరిగిపోయి గతుకులో పడ్డప్పుడల్లా ఒక్క క్షణం కరెంటు పోతుంటుంది. రిమోట్ లాక్, ఎల్‌ఈడీ లైట్లు, ఎక్స్‌ట్రా హార్న్ లాంటివి పెట్టడానికి వైరింగ్ కోసి టేపు చుట్టి ఉంటే, నా సలహా ఒక్కటే: ముందు అవన్నీ పీకేసి, అసలు వైరింగ్ ఎలా ఉండేదో అలా కలిపి, ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టండి.

రెండో అడుగు: లైటు చెప్పే లెక్క

తాళం ఆన్ చేయగానే ఇంజిన్ లైటు ఒకట్రెండు సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే సంతోషించకండి. బల్బు పోయుండొచ్చు, లేదా అమ్మినవాడు వైరు పీకేసి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

లైటు మెరుస్తుంటే లెక్కపెట్టండి. పొడుగు మెరుపులు పదులు, పొట్టివి ఒకట్లు. రెండు పొడుగు, ఒక పొట్టి వస్తే 21. యమహాలో 12 క్రాంక్ సెన్సర్, 13, 14 గాలి ఒత్తిడి సెన్సర్, 15, 16 థ్రాటిల్ సెన్సర్, 21 కూలెంటు వేడి సెన్సర్, 22 గాలి వేడి సెన్సర్, 33 ఇగ్నిషన్ కాయిల్, 39 ఇంజెక్టర్, 46 కరెంటు సరఫరా. హోండాలో 1 గాలి ఒత్తిడి సెన్సర్, 7 ఇంజిన్ వేడి సెన్సర్, 8 థ్రాటిల్ సెన్సర్, 9 గాలి వేడి సెన్సర్, 12 ఇంజెక్టర్, 21 ఆక్సిజన్ సెన్సర్. ఒకే 21కి రెండు కంపెనీల్లో రెండు అర్థాలున్నాయి చూడండి. కాబట్టి ఎవరో చెప్పిన నంబరు కాకుండా మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ఉన్నదే లెక్క. డ్యూక్ లాంటివాటికి స్కానర్ పెట్టి చూడడం మేలు.

ఈ నంబరు చెప్పేది "ఆ లైన్లో నుంచి వచ్చే వోల్టేజి నాకు నచ్చలేదు" అని మాత్రమే. సెన్సరే పోయుండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, కప్లర్‌లో నీళ్లు చేరి ఉండొచ్చు. కప్లర్ విప్పి, పిన్నులు చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మళ్లీ గట్టిగా తగిలించి చూడండి. కొత్త సెన్సర్ కొనే అవసరం చాలాసార్లు అక్కడే తప్పిపోతుంది.

ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్

దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్లగ్గు విప్పండి. లేత ఇటుకరంగు ఉంటే బాగుంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే తక్కువవుతోంది, తడిగా ఉంటే నిప్పు పడడం లేదు. గ్యాప్ చాలా 150 సీసీ బండ్లకి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ప్లగ్గు క్యాప్ పగిలిందా, లోపల తెల్ల పొడి ఉందా చూడండి. ఎయిర్ ఫిల్టర్ మట్టి పట్టి ఉంటే మార్చేయండి, కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగొద్దు.

మూడో అడుగు: పెట్రోలు

అసలు కథ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

తాళం ఆన్ చేసి చెవి ట్యాంకు దగ్గర పెట్టండి. రెండు మూడు సెకన్లు గుంయ్‌మని మోగి ఆగాలి. అసలు మోగకపోతే ఫ్యూజు, రిలే, పంపు కప్లర్ దగ్గర వోల్టేజి, ఈ వరసలో చూడండి. బండి ఎప్పుడైనా కింద పడి ఉంటే, పడిపోతే ఇంజిన్ ఆపే సెన్సర్ పంపుని ఆపేసి ఉండొచ్చు. తాళం ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలా బండ్లలో సర్దుకుంటుంది. మోత వస్తోంది కదా అని పంపు బాగుందనుకోవద్దు. మోగుతుంది కానీ ఒత్తిడి పుట్టదు, అలాంటి పంపులు చాలానే ఉంటాయి.

పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. బండి పదిహేను కిలోమీటర్లు నడిచాక ఊపిరాడనట్టు లాగడం మొదలెట్టగానే, పక్కకి ఆపి ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి లాగి, ఆ తర్వాత బండి మళ్లీ మామూలుగా నడిస్తే, ట్యాంకుకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. మూతలోని చిన్న రంధ్రమో, ట్యాంకు కింద నలిగిపోయిన గొట్టమో కారణం. పంపు మార్చాలన్న బండి ఇలా ఊరికే బాగైపోవడం నేను చూశాను.

ఇక నీళ్ల సంగతి. మన పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది. 20 శాతం కలిపిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ గాలిలోని తేమని పీలుస్తుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. పంపు పీల్చేది సరిగ్గా ఆ అడుగు నుంచే. నెలల తరబడి సగం ట్యాంకుతో వానాకాలంలో నిలబెట్టిన బండి స్టార్ట్ కాకపోతే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి. దీనికి తోడు 2010 నాటి బండ్లు ఇంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, రబ్బరు పైపులు, రింగులు మెత్తబడి ఉబ్బుతాయి.

పరీక్షించడానికి పెట్రోలు పైపు విప్పాలి కాబట్టి జాగ్రత్త. ఈ పని ఆరుబయట, ఇంజిన్ చల్లారాక, దగ్గరలో సిగరెట్టు గానీ పొయ్యి గానీ లేకుండా చేయండి. లైన్లో ఒత్తిడి ఉంటుంది. ముందు పంపు కప్లర్ పీకి, ఇంజిన్ దానంతటది ఆగిపోయేదాకా ఐడిల్‌లో నడిపించండి. చల్లారాక పైపు చుట్టూ గుడ్డ చుట్టి నెమ్మదిగా విప్పండి. పైపు చివర పెట్రోలు తాకినా పాడవని పారదర్శకమైన సీసాలో పెట్టి, కప్లర్ మళ్లీ తగిలించి, తాళం నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. వచ్చిన పెట్రోలుని అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరగానీ, తుప్పు పొడిగానీ కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగాల్సిందే.

ఒత్తిడి కొలవడానికి పంపుకీ ఇంజెక్టర్‌కీ మధ్య టీ జాయింటుతో గేజ్ పెడతారు. బండిని బట్టి సుమారు 2.5 నుంచి 3 బార్, అంటే 36 నుంచి 44 పీఎస్‌ఐ ఉండాలి. ఎప్పుడూ తక్కువే చూపిస్తే పంపు లేదా పెట్రోలు ఒత్తిడి రెగ్యులేటర్. ఐడిల్‌లో సరిగ్గా ఉండి, రేసు ఇచ్చినప్పుడు పడిపోతే పంపు పీల్చేచోట ఉండే జాలీ ఫిల్టర్ మూసుకుపోయింది. ఇంజిన్ ఆపగానే సున్నాకి జారిపోతే పంపు లోపలి వాల్వు పట్టడం లేదు, లేదా ఇంజెక్టర్ కారుతోంది. వేడి మీద స్టార్ట్ చేయడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చే బండ్లలో ఇదే కనిపిస్తుంది. గేజ్ లేనివాళ్లు పంపు మార్చాలన్న షెడ్డులోనే "ముందు ప్రెషర్ చూపించండి" అని అడగండి. చూపించలేకపోతే వేరే షెడ్డుకి వెళ్లండి.

చాలా మోడళ్లకి ఫిల్టర్ విడిగా అమ్మరు, పంపు సెట్టు మొత్తం కొనమంటారు. జాలీ మాత్రమే మూసుకుపోయి ఉంటే దాన్ని శుభ్రం చేసో, సరిపడే జాలీ వెతికి వేసో పని గడిపే అనుభవజ్ఞులున్నారు. పంపు మోటారు బాగుంటే అది తప్పేం కాదు. పంపు విప్పినప్పుడు కింద రబ్బరు రింగు మాత్రం కొత్తది వేయండి.

ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య చాలావాటికి 10 నుంచి 14 ఓములు చూపిస్తుంది. నడుస్తుండగా పొడుగు స్క్రూ డ్రైవర్ కొన దాని మీద, పిడి చెవికి ఆనించి వింటే టిక్ టిక్ అని వినపడాలి. మూసుకుపోయిందనిపిస్తే అల్ట్రాసోనిక్ మెషీన్లో శుభ్రం చేయించి, చిమ్మే తీరు కళ్లారా చూడండి. మంచులా విచ్చుకుంటే బాగుంది, గీతలా ధార కొడితే కాదు. ఇంట్లో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి పట్టుకుంటే కాయిల్ కాలిపోతుంది. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాల విషయానికొస్తే, ఇంజెక్టర్ కొన మీద పల్చటి మడ్డి వరకు పనిచేయొచ్చు. తుప్పుకీ, నీళ్లకీ, జాలీకీ అవి ఏమీ చేయవు.

నాలుగో అడుగు: గాలి దొంగదారులు, థ్రాటిల్ బాడీ

థ్రాటిల్ బాడీకీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు ఒకటి ఉంటుంది. పదేళ్ల ఎండకి అది బీటలు వారుతుంది. వంచి చూస్తేగానీ ఆ బీట కనపడదు. ఐడిల్‌లో ఉంచి, చిన్న స్ప్రే సీసాతో ఆ రబ్బరు చుట్టూ, క్లిప్పుల దగ్గర సబ్బు నీళ్లు కొద్దికొద్దిగా కొట్టండి. ఒకచోట కొట్టగానే ఐడిల్ మారితే లీకు అక్కడే. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, వేడి సైలెన్సర్ పక్కన ఆ పని వద్దు.

థ్రాటిల్ బాడీలో బటర్‌ఫ్లై (గాలి దారిని మూసి తెరిచే గుండ్రటి రేకు) అంచున నల్లటి మడ్డి చేరితే ఐడిల్ ఊగుతుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో తడిపి మెత్తటి గుడ్డతో తుడవండి. బ్లేడుతో, స్క్రూ డ్రైవర్‌తో గీకొద్దు. పెయింటు చుక్క పెట్టి సీలు చేసిన స్టాప్ స్క్రూనీ, థ్రాటిల్ సెన్సర్ స్క్రూలనీ తిప్పొద్దు. ఐడిల్ పెంచడానికి అవి తిప్పేసిన బండ్లే ఎక్కువగా మొండికేస్తాయి.

ఐదో అడుగు: ఇప్పుడు సెన్సర్లు

థ్రాటిల్ సెన్సర్ సిగ్నల్ వైరుకి వెనకనుంచి సన్నటి సూది గుచ్చి కొలవండి. రేసు ఇవ్వనప్పుడు సుమారు 0.5 నుంచి 0.8 వోల్టు, పూర్తిగా తిప్పితే 4 వోల్టుల దగ్గరకి రావాలి. ముఖ్యం ఏమిటంటే నెమ్మదిగా తిప్పుతుంటే మెట్లు లేకుండా పెరగాలి. రోజూ ఆఫీసుకి 40, 50 వేగంలో వెళ్లే బండిలో సెన్సర్ లోపలి పట్టీ సరిగ్గా ఆ ఒక్కచోటే అరిగిపోతుంది. సాఫీ రోడ్డు మీద ఒకే వేగంలో వెళ్తుంటే చిన్న చిన్న జర్కులు వచ్చేది అందుకే.

ఇంజిన్ వేడి సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు చాలావాటిలో 2 వేల ఓముల పైన చూపించి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ కొన్ని వందలకి దిగాలి. దిగకపోతే ఈసీయూ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, వేడి మీద స్టార్ట్ కాదు.

వేడి మీద ఆగిపోయే బండిలో క్రాంక్ సెన్సర్‌ని చల్లగా ఉన్నప్పుడు కొలిచి లాభం లేదు. ఆగిపోయిన ఆ నిమిషంలోనే ప్లగ్గులో నిప్పు ఉందా, పంపు మోగుతోందా చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నా రెండూ లేకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం గట్టిపడుతుంది. పంపు మోగుతూ నిప్పు మాత్రం లేకపోతే కాయిల్ వైపు వెళ్లండి.

ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి అయితే ముందు సైలెన్సర్ జాయింటులో లీకు ఉందా చూడండి. మార్కెట్ సైలెన్సర్ బిగించిన బండ్లలో ఇది మామూలే. అక్కడ గాలి చొరబడితే సెన్సర్ పెట్రోలు తక్కువైందని తప్పుగా చెబుతుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. ఆ తప్పు సెన్సర్‌ది కాదు.

అప్పటికీ బాగవకపోతే

ఇక మిగిలింది ఎఫ్‌ఐకి సంబంధం లేని పాత ఇంజిన్ జబ్బులు. పూర్తిగా చల్లారిన ఇంజిన్‌కి ఫీలర్ గేజ్‌తో వాల్వ్ క్లియరెన్సు చూడండి, కొలత మాన్యువల్‌లో ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు బిగుసుకుంటే వేడి మీద ఐడిల్ నిలవదు, మనం మాత్రం సెన్సర్లు మారుస్తూ కూర్చుంటాం. ఆ తర్వాత కంప్రెషన్ టెస్టు (సిలిండర్‌లో ఒత్తిడి సరిగ్గా నిలుస్తోందా అని).

ఏం మార్చినా ఒక్కొక్కటే మార్చండి. మార్చాక బ్యాటరీ విప్పి ఉంటే కొన్ని మోడళ్లకి ఐడిల్ మళ్లీ నేర్చుకోవడానికి, రేసు ఇవ్వకుండా కొన్ని నిమిషాలు నడవనివ్వాలి. ఆ తర్వాత మొదట కాగితం మీద రాసుకున్న అదే పరిస్థితిలో నడిపి చూడండి. అరగంట తర్వాత వచ్చే జబ్బుని వీధి చివరిదాకా వెళ్లొచ్చి పోయిందనుకోకుండా, నలభై నిమిషాలు తిప్పి, అదే సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో పెట్టి చూడండి.